నల్లగొండలో ఉప్పునీటి ట్యాంకు: స్టార్ ఫిష్‌ను దింపిన రోజు

చాక్లెట్ చిప్ స్టార్ ఫిష్ ఒకటి, క్లౌన్ చేపలు ఒక జంట కొనాలని ఎప్పటినుంచో ఉంది. కానీ చలికాలం దాకా ఆగాను. మే నెలలో మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా బస్సులో వచ్చేసరికి సంచిలో నీళ్లు కాగిపోతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది.

కొనే ముందే షాపుకు ఫోన్ చేసి, "అన్నా, మీ ట్యాంకుల్లో ఉప్పు ఎంత పెడతారు?" అని అడిగాను. చేపలకు 1.019, స్టార్ ఫిష్ ఉన్నదాంట్లో 1.023 అన్నాడు. మంచినీళ్లతో పోలిస్తే ఆ నీళ్లు ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకెలివి, ఉప్పు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. చేపల నీళ్లలో ఉప్పు తగ్గిస్తే ఖర్చు కలిసొస్తుంది, రోగాల బెడద కూడా కాస్త తగ్గుతుందని వాళ్ల లెక్క. నా పెద్ద ట్యాంకు 1.025 మీద ఉంటుంది, దాదాపు సముద్రం అంత. ఈ మూడు అంకెలు చేతికొచ్చాక సగం టెన్షన్ పోయింది.

నీళ్ల సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్లు ఊరుకోరు. సముద్రపు నీటిలో లీటరుకు ఫ్లోరైడ్ సుమారు 1.3 మిల్లీగ్రాములు. మర్రిగూడ వైపు బోర్లలో ఎన్నో దానికంటే ఎక్కువే చూపించాయి! అందుకే బోరు నీళ్ల జోలికి పోకుండా, ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ కాట్రిడ్జ్ దాటించి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) సున్నాకు వచ్చాకే సాల్ట్ మిక్స్ కలుపుతాను. లీటరుకు 35 గ్రాముల పైచిలుకు పడుతుంది.

చేపలకు పెద్దగా హడావుడి లేదు. వాటి కోసం విడిగా పెట్టిన క్వారంటైన్ ట్యాంకును ముందురోజే 1.019కు తెచ్చి ఉంచాను. సంచి మూతి విప్పకుండా ఇరవై నిమిషాలు నీళ్లపై తేలనిచ్చి, వేడి సమానమయ్యాక చేపలను వలతో తీసి అందులో వదిలాను. షాపు నీళ్లు బయట పారబోశాను. సంచి విప్పి, ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా పడేలా గంటలకొద్దీ డ్రిప్ పెట్టడం చేపలకు మంచిది కాదు. దారిలో అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోయి, అమోనియా అంత హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ గ్యాస్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమోనియా విషమవుతుంది. ఎంత దూరం నుంచి తెస్తే ఈ ప్రమాదం అంత ఎక్కువ.

స్టార్ ఫిష్ లెక్క వేరు. చేపలా ఒంట్లో ఉప్పును సరిచేసుకునే శక్తి దానికి లేదు. దాని ఒంట్లో తిరిగేది దాదాపు సముద్రపు నీరే, కాళ్లు కదిలేదీ ఆ నీటి ఒత్తిడితోనే. ఉప్పు ఒక్కసారిగా మారితే ఆ రోజు బాగానే కనిపిస్తుంది, కొన్ని రోజులకు చేతులు కుళ్లి ఊడిపోతాయి.

అందుకే దాన్ని సంచిలో నీళ్లతో సహా బకెట్‌లోకి దించాను, గాలి తగలనివ్వలేదు. పెద్ద ట్యాంకు నుంచి ఎయిర్ పైపు వేసి, ముడి బిగించి సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా పెట్టాను. అమ్మ వచ్చి చూసి, "చేపకు సెలైన్ ఎక్కిస్తున్నవా ఏందిరా?" అంది. బకెట్‌లో నీళ్లు రెట్టింపైనప్పుడల్లా సగం పారబోస్తూ, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తూ కూర్చున్నాను. రెండు గంటలని ఒకరు, నాలుగు గంటలని ఒకరు అంటారు. నేను గడియారాన్ని నమ్మను. బకెట్‌లో కూడా 1.025 చూపించేదాకా ఆపలేదు, మూడు గంటలు దాటింది.

చివర్లో బకెట్ నీళ్లలోనే గిన్నె ముంచి దాన్ని అందులోకి ఎక్కించి, ట్యాంకు నీళ్లలోకి దించి వదిలాను. వెల్లకిలా పడింది. చేతులు మెల్లగా వంచి తనంతట తానే బోర్లా తిరిగింది. ఆరోగ్యంగా ఉందనడానికి అదే మంచి గుర్తు.

చేపల ట్యాంకులో ఉప్పును రోజుకు 0.001 చొప్పున పెంచుతున్నాను. వాటిపై తెల్ల చుక్కలు కనిపిస్తే రాగి మందు వేయాల్సి వస్తుంది. ఆ రాగి స్టార్ ఫిష్‌కు విషం, కాబట్టి నెల దాకా ఇద్దరికీ వేర్వేరు కాపురాలే. ఈ జాతి పగడాలను తినేస్తుంది గనుక నా ట్యాంకులో పగడాలు పెట్టలేదు. వారానికి రెండుసార్లు చిన్న రొయ్య ముక్క దాని కిందికి జరుపుతాను, తినగా మిగిలింది ఆ రాత్రే తీసేస్తాను.