బాణం గుర్తు ఎక్కడ పెట్టాలి?

ఒక పెద్ద ఆసుపత్రి ప్రాంగణానికి దారి చూపే బోర్డుల డిజైన్ పని ఈ వారంతో ముగిసింది. డ్రాయింగుల కంటే ఓపీ గేటు దగ్గర నిలబడి జనాన్ని చూడటమే ఎక్కువ పనికొచ్చింది.

జనం బోర్డులు చదవరంటారు. చదువుతారు, దారి రెండుగా చీలే చోట. అక్కడ లేకపోతే నేరుగా సెక్యూరిటీ అతన్నే అడుగుతారు. ఇక నడవా మధ్యలో ఎంత మంచి బోర్డు పెట్టినా గోడకి అలంకారమే.

అసలు తలనొప్పి తెలుగు అక్షరాలతో. ఇంగ్లీషు కొలతకి లేఔట్ వేసి, మిగిలిన జాగాలో తెలుగుని ఇరికించడం మామూలైపోయింది. ‘రక్త పరీక్షలు’ అని రాస్తే కింద వత్తులకి చోటు కావాలి కదా! పంక్తుల మధ్య ఖాళీ తగ్గిస్తే దూరం నుంచి ఆ వత్తులు మచ్చల్లా కనిపిస్తాయి. అందుకే తెలుగుని పైన, పెద్దగా పెట్టాం. ఆర్కిటెక్ట్ గారికి నచ్చలేదు. పర్లేదు.

చదవడం రానివాళ్ల కోసం నేల మీద రంగు గీతలు వేశాం. ల్యాబుకి ఎరుపు, ఎక్స్‌రేకి నీలం. స్ట్రెచర్ చక్రాలకీ ఫినాయిల్ తుడుపుకీ పెయింట్ ఎన్నాళ్లో నిలవదు కాబట్టి గోడ మీద కూడా అదే రంగు పట్టీ.

జపాన్‌లోని ఉమెదా ఆసుపత్రికి డిజైనర్ కెన్యా హారా 1998లో తెల్లటి నూలు గుడ్డతో బోర్డులు చేశారు. మాసితే తీసి ఉతుక్కోవచ్చు. ముచ్చటేసింది. మన ఓపీలో అయితే మధ్యాహ్నానికే రంగు మారిపోతుందనుకోండి.

మావి మాత్రం విడివిడి పలకలు. డిపార్ట్‌మెంట్ మారితే ఒక్క పలక మారిస్తే చాలు. వాటి మీద ఏ4 కాగితాలు టేపుతో అంటించకుండా ఆపడం ఎలాగో ఇంకా తేలలేదు.