ప్రహరీ లేకపోతే కుక్కను పెంచుకోకూడదా?

కుక్కను పెంచాలంటే ఇంటి చుట్టూ గట్టి ప్రహరీ ఉన్న పెరడు ఉండి తీరాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కుక్కపిల్ల మీద మనసుపడి, ఖాళీ స్థలం లేదన్న ఒక్క కారణంతో వెనక్కి తగ్గినవాళ్ళు మరీ ఎక్కువగా అడుగుతారు. నా జవాబు ముందే చెప్పేస్తున్నా, అక్కర్లేదు. కుక్కకు కావలసింది రోజూ తనను బయటికి తీసుకెళ్ళే మనిషి. గోడ అవసరం ఎప్పుడు వస్తుందంటే, బెల్టు తీసేసి దాన్ని ఆరుబయట వదలాలనుకున్నప్పుడు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. వీటిని కలిపి చూడటం వల్లే ఒకపక్క మంచి ఇళ్ళకు కుక్కలు దొరకడం లేదు, ఇంకోపక్క పెద్ద కాంపౌండు ఉన్న ఇళ్ళలో కుక్కలు ఏళ్ళ తరబడి గేటు ఊచల్లోంచి రోడ్డు చూస్తూ బతికేస్తున్నాయి.

మా పిన్ని కూతురు ఉండేది ఫ్లాట్‌లో. పని ఇంటినుంచే, పొద్దున సాయంత్రం నడక అలవాటు, చిన్నప్పట్నుంచి కుక్కల మధ్య పెరిగిన మనిషి. వయసు మళ్ళిన కుక్కను తీసుకుంటానని, కుక్కల్ని దత్తత ఇచ్చే ఒక సంస్థకు వెళ్తే, ఫారంలో ‘కంచె వేసిన పెరడు ఉందా’ అన్న చోట ‘లేదు’ అని రాసినందుకు ఇచ్చేది లేదన్నారు. ఆ సంస్థవాళ్ళ భయం నాకు తెలుసు. కొత్త ఇంటికి వెళ్ళిన కుక్క మొదటి రోజుల్లోనే కంగారుపడి పారిపోయి బండి కింద పడటం వాళ్ళు చూసి ఉంటారు, అందుకే ఆ నియమం పెట్టుకుని ఉంటారు. కానీ ఆ ఇంట్లో కుక్కతో రోజంతా ఎవరుంటారు, నడిపించేది ఎవరు, ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది ఎవరు అన్న ప్రశ్నలు ఆ ఫారంలో లేనే లేవు. నాకు కోపం వచ్చింది అందుకే. అది కూడా, రోజులో ఎక్కువ భాగం పడుకునే ముసలి కుక్క విషయంలో!

అసలు పెరట్లో వదిలిన కుక్క ఏం చేస్తుందో ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? మా జూలీని చూస్తుంటాను కదా, వదలగానే ముక్కు నేలకు ఆనించి గోడ వెంబడి వెళ్తుంది, రాత్రి పిల్లి దిగిన పైపు దగ్గర ఆగి ఆ మూలంతా పీల్చి పీల్చి వదిలిపెడుతుంది, ఒంటేలు పోస్తుంది, ఒక చుట్టు పరుగెత్తుతుంది. అంతే. తర్వాత వచ్చి వెనక తలుపు జాలీ ముందు కూర్చుంటుంది, ముఖం పెరటివైపు, ఒక చెవి మాత్రం వంటింటివైపు తిప్పి నా అడుగుల చప్పుడు వింటూ. నేను బయటికి వస్తే మళ్ళీ ఆట, లోపలికి వెళ్తే మళ్ళీ జాలీ దగ్గర కాపలా. పెరడు పెద్దది కదా, దానంతట అదే తిరుగుతుంది, ఆడుకుంటుంది అనుకుంటాం గానీ, ఒంటరిగా వదిలితే తనంతట తాను వ్యాయామం చేసే కుక్కలు చాలా తక్కువ. అదే స్థలం, అవే వాసనలు, కొత్తగా కనిపించేది ఏముంటుంది?

నడకకు తీసుకెళ్ళినప్పుడు కూడా కుక్కకు కాళ్ళకన్నా ముక్కుకే ఎక్కువ పని. 2019లో షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు పెంపుడు కుక్కల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. కొన్నిటిచేత 2 వారాలపాటు వాసన పట్టి తిండి వెతికే ఆట ఆడించారు, మిగతావాటిచేత యజమాని పక్కనే వరసగా నడిచే శిక్షణ చేయించారు. తర్వాత, తిండి ఉంటుందో లేదో తేల్చుకోలేని చోట గిన్నె పెడితే, వాసన ఆట ఆడిన కుక్కలు అంతకుముందుకన్నా చురుగ్గా, ఏదో ఉంటుందన్న ఆశతో దాని దగ్గరికి వెళ్ళాయట. రెండో గుంపులో ఆ మార్పు కనిపించలేదు. నాకు దీంట్లో నచ్చిందేమిటంటే, ఈ ఆటకు పెరడే అక్కర్లేదు, ఒక గది చాలు. కాబట్టి ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు మా దగ్గర స్థలం లేదని బాధపడటం మానేసి, నడకలో కుక్క ఆగిన ప్రతిచోటా దాన్ని బరబరా లాక్కెళ్ళకుండా ఉంటే సగం పని అయిపోయినట్టే.

పెరడే లోకమైపోయిన కుక్కల్ని కూడా చూశాను. గోడ పొడవునా అటూ ఇటూ పరుగెత్తి పరుగెత్తి గడ్డి పోయి ఒక దారి పడి ఉంటుంది. బయట మనిషి వెళ్ళినా, సైకిలు వెళ్ళినా, ఇంకో కుక్క కనిపించినా గేటు మీద పడి గొంతు పోయేలా మొరుగుతుంది. బయటివాళ్ళు మహా కాపలా కుక్క అనుకుంటారు. నాకు మాత్రం అది, కనిపిస్తున్నదాని దగ్గరికి వెళ్ళలేక చిరాకుతో అరుస్తున్నట్టే ఉంటుంది. పైగా అది మొరగడం, వాళ్ళెలాగూ తమ దారిన తాము వెళ్ళిపోవడం, తను తరిమేశాననే అది అనుకోవడం, అలా ఆ అలవాటు రోజురోజుకీ ముదిరిపోతుంది. పిల్లగా ఉన్నప్పుడు, అంటే 3వ వారం నుంచి సుమారు 12, 14 వారాల వరకు, కొత్త మనుషుల్నీ చప్పుళ్ళనీ తేలిగ్గా అలవాటు చేసుకునే వయసు. ఆ రోజులన్నీ నాలుగు గోడల మధ్యే గడిచిపోతే, తర్వాత జీవితమంతా ప్రతి కొత్త మనిషీ దానికి టెన్షనే. టీకాలు పూర్తికాలేదని భయముంటే చంకనెత్తుకునైనా పిల్లకు వీధి చూపించాలి.

మరి గోడ తప్పనిసరి అనదగ్గ కుక్కలే లేవా అంటే, ఉన్నాయి, ఈ విషయంలో మొహమాటపడను. గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు, దూరంగా ఏదైనా చిన్న జంతువు కదిలిందంటే మీరు పిలిచే పిలుపు దాని చెవికెక్కదు. హస్కీలు మంచులో బండ్లు లాగుతూ మైళ్ళకొద్దీ పోవడానికి పుట్టిన జాతి, గోడ దూకడం, తవ్వడం, గడియ తీయడం మూడూ వాటికి ఆటే. బీగిల్ ముక్కు ఒక వాసన పట్టిందంటే ఇక తల ఎత్తదు. డాల్మేషియన్లలో పుట్టుచెవుడు ఎక్కువ, చెవుడున్న కుక్కను వెనక నుంచి ఎంత పిలిస్తే ఏం లాభం? ఇవి కాక, కొత్తగా దత్తత వచ్చినవీ, దెబ్బలు తిని మనుషులంటే భయపడేవీ ఉంటాయి. ఇలాంటి కుక్కను బెల్టు లేకుండా బయట వదలాలంటే చుట్టూ గట్టి గోడ ఉండాల్సిందే. అయితే గోడ లేనివాళ్ళు వీటిని పెంచనే కూడదని కాదు, బెల్టు తీయకూడదు, అంతే. పరుగు కోసం 10 మీటర్ల పొడవాటి తాడు కట్టి మైదానంలో వదలొచ్చు (తాడు మెడపట్టీకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కే కట్టాలి, వేగంగా వెళ్ళి ఒక్కసారిగా ఆగితే మెడ దెబ్బతింటుంది). అంత పరుగెత్తే గ్రేహౌండ్ కూడా మిగతా రోజంతా సోఫా మీద పడుకునేదే, ఫ్లాట్‌లో హాయిగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం వద్దు. గోడ లేదు కదా అని గొలుసుతో చెట్టుకు కట్టేసి వదిలేయడం. గొలుసు కాళ్ళకు చుట్టుకుంటుంది, నీళ్ళ గిన్నె దొర్లిపోతుంది, వీధి కుక్కలు మీదపడితే పారిపోయే దారి ఉండదు. పిట్టగోడ పక్కన కట్టేస్తే దూకబోయి గోడకు అవతల వేలాడి ప్రాణం పోగొట్టుకున్న కుక్కలున్నాయి. కట్టేసి పెంచేటట్టయితే అసలు పెంచకండి.

ఇప్పుడు గోడ ఉన్నవాళ్ళ సంగతి. ఉంటే చాలదు, కుక్క ఎత్తు నుంచి ఒకసారి చూడాలి. నిజంగానే మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ తిరిగి చూడండి, నిలబడితే కనపడనివన్నీ కనపడతాయి. గేటు కింద టైర్లు దిగి దిగి నేల గుంటపడి ఉంటుంది. వాన పడ్డాక గోడ మూలన మట్టి కొట్టుకుపోయి సందు ఏర్పడి ఉంటుంది. తల పట్టే సందైతే పిల్ల ఒళ్ళు కూడా పట్టేస్తుంది, తల పట్టి ఒళ్ళు పట్టకపోతే ఇంకా ప్రమాదం, ఊచల మధ్య ఇరుక్కుంటుంది. దూకే అలవాటున్న పెద్ద కుక్కకు 6 అడుగులు ఉండాలి. ఆ 6 అడుగుల గోడ పక్కనే పూలకుండీల మెట్లు, నీళ్ళ డ్రమ్ము, ఏసీ పెట్టె ఉన్నాయంటే దానికి నిచ్చెన వేసి ఇచ్చినట్టే. చైన్‌లింక్ మెష్ చవకే గానీ ఆ గళ్ళు కాళ్ళు పెట్టి ఎక్కడానికి చాలా వీలు, పైగా బయట కదిలే ప్రతిదీ కనపడి మొరుగుడు ఎక్కువవుతుంది. మొరిగే కుక్కకు ఆవలివైపు కనపడని గోడే నయం. తవ్వే కుక్కలకు, ముఖ్యంగా బొరియల్లోకి దూరి వేటాడటానికి తయారైన టెర్రియర్లకు, గోడ అడుగున లోపలివైపు అడుగున్నర వెడల్పు మెష్ నేలమీద పరిచి అంచును గోడకు బిగించి పైన మట్టి కప్పేయండి. అది తవ్వేది గోడ మొదట్లోనే కదా, అక్కడ గోళ్ళకు ఇనుము తగిలేసరికి మానేస్తుంది. గోడ మీద గాజు పెంకులు ఉంటే మాత్రం పీకించేయండి, అవి దూకే కుక్కను ఆపవు, దాని పొట్ట చీలుస్తాయి.

గోడకన్నా గేటు గురించే నాకు ఎక్కువ భయం. గోడ ఎంత ఎత్తున్నా గేటు రోజుకు ఎన్నోసార్లు తెరుచుకుంటుంది, తెరిచేది కుక్క ఉందని గుర్తున్న మనిషే కానక్కర్లేదు. కొరియర్ అబ్బాయి, మీటరు చూసేవాళ్ళు, ఆడుకోవడానికి వచ్చిన పిల్లలు. మా గేటుకు నొక్కితే పైకి లేచే గడియ ఉండేది, జూలీ దాన్ని చాలాసేపు చూసి, ముక్కుతో కిందనుంచి తోసి, అది టక్కున పడిన చప్పుడుకి తల పక్కకి వాల్చింది. ఆ చూపు చూశాక అది తీయడం నేర్చుకునేదాకా ఆగలేదు, అదే వారంలో గేటు కింద నేలలోకి దిగే బోల్టు పెట్టించాం. స్థలం ఉంటే గేటుకు లోపల నడుమెత్తు ఇంకో చిన్న గేటు పెట్టుకోండి, ఒకటి మూశాకే రెండోది తీయాలి. ఖర్చు తక్కువ, నిశ్చింత ఎక్కువ. ఈ జాగ్రత్త మన కుక్క కోసమే కాదు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే వస్తుంది. మన కుక్క బయట కరిపించుకున్నా, బయట ఎవరినైనా కరిచినా ఆ భారం మనదే. టీకా ఎప్పటికప్పుడు వేయించాలి, గేటు ఎప్పటికప్పుడు మూయాలి.

కనపడని కంచె అని ఇంకోటి అమ్ముతున్నారు, నేలలో తీగ పాతి, కుక్క మెడకు పట్టీ కడితే హద్దు దాటబోయినప్పుడు షాక్ కొడుతుంది. నేను వద్దంటాను. కుక్కకు నొప్పి అన్నది ఒక కారణం, బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే షాక్ కొట్టే పట్టీలను నిషేధించారు. దానికి తోడు, అది బయటివాళ్ళను లోపలికి రాకుండా ఆపదు, పిచ్చికుక్క నేరుగా నడిచి వచ్చేస్తుంది. పిల్లిని తరుముతూ ఆ ఊపులో హద్దు దాటేసిన కుక్క, వెనక్కి రావాలంటే మళ్ళీ షాక్ తినాలి కాబట్టి బయటే నిలబడిపోతుంది. పట్టీలో బ్యాటరీ అయిపోయిందా, ఆ రోజు కంచే లేనట్టు.

గోడ లోపల ఉంది కదా అని గంటలు గంటలు మర్చిపోవడమూ ప్రమాదమే. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూ చల్లబడాల్సిందే. నీడా నీళ్ళూ లేని పెరడు ఎండాకాలంలో కుక్కను వదిలే చోటు కాదు. గన్నేరు, ఉమ్మెత్త, సైకాస్ లాంటివి కుక్కకు విషం. నమిలే వయసున్న పిల్ల ఉంటే తీసేయండి. ఎలుకల మందు ఎక్కడ పెట్టారో ఇంట్లో అందరికీ తెలియాలి.

టపాసులు పేలే రాత్రులూ, ఉరుముల రాత్రులూ ఇంకో లెక్క. రోజూ బుద్ధిగా ఉండే కుక్క కూడా ఆ భయంలో, మామూలుగా దూకలేని గోడ దూకేస్తుంది. ఆ పూట దాన్ని ఇంట్లోనే, తలుపులు వేసిన గదిలో ఉంచండి, బయటికి తీసుకెళ్ళాల్సి వస్తే పెరట్లోకైనా సరే బెల్టుతోనే.

ఎన్ని చేసినా ఏదో ఒకరోజు జారిపోవచ్చు. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి, ఒంట్లో చిప్ ఉండాలి. చిప్ అంటే బియ్యపు గింజంత ఉంటుంది, కుక్క ఎక్కడుందో అది చెప్పదు, ఎవరైనా పట్టుకుని స్కానర్ పెడితే సాధారణంగా 15 అంకెల నంబరు చూపిస్తుంది, ఆ నంబరు కింద మీ పాత ఫోన్ నంబరే ఉంటే ఉపయోగం లేదు. మగకుక్కకు పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయిస్తే ఆడకుక్క వాసన పట్టి తిరుగుళ్ళు పోవడం బాగా తగ్గుతుంది. ఇక కళ్ళముందే గేటు దాటిపోతే వెనక పరుగెత్తకండి, దానికి అది ఆట, ఇంకా దూరం పోతుంది. పేరు పిలుస్తూ మీరే అటుతిరిగి పరుగెత్తండి, లేదా నేలమీద కూర్చుని ఏదో తింటున్నట్టు చేతులు కదపండి, చాలా కుక్కలు ఏమిటా అని దగ్గరికి వస్తాయి. గేటు బార్లా తెరిచే ఉంచండి. దగ్గరికి వచ్చినప్పుడు ఎంత కోపం వచ్చినా తిట్టొద్దు, కొట్టొద్దు, ఇష్టమైనది ఏదైనా నోట్లో పెట్టి అప్పుడు మెల్లగా పట్టీ పట్టుకోండి. ఒక్కసారి వచ్చి దెబ్బలు తిన్న కుక్క రెండోసారి నాలుగడుగుల దూరంలో నిలబడి మీ ముఖం చూస్తుందే గానీ చేతికి అందదు.