పూర్తి పేస్‌తో వెయ్యి నాయనా

ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. మ్యాచ్ ఉన్న రోజు నాకు అలారం అక్కర్లేదు. డాబా మీదికి వెళ్లి చూస్తే కొండ ఇంకా చీకట్లోనే ఉంది. అలిపిరి నుంచి పైకి పోయే మెట్ల దారి దీపాలు మాత్రం వంకర టింకరగా వెలుగుతున్నాయి. గాలి లేదు, మంచు బాగా పట్టింది. మ్యాట్ తడిగా ఉంటుంది, మొదటి గంట బంతి జారుతుంది, టాస్ గెలిస్తే ఫీల్డింగే మేలు అనుకున్నాను.

నాకు యాభై ఏడు. ఇంకా లెదర్ బాల్‌తో, తెల్ల బట్టల్లో, ముప్పై ఓవర్ల లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాను. మా జట్టులో నా తర్వాత పెద్దవాడికి ముప్పై నాలుగు. ఒకప్పుడు బస్సు దిగి నేరుగా గ్రౌండ్‌లోకి పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లోనే ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది: మడమలు, పిక్కలు, తొడ వెనక నరం, నడుము, భుజాలు. ఒక్కోదాన్నీ బతిమాలి లేపాలి. డాక్టరు ఏటా ఈసీజీ తీయించుకోమన్నాడు, తీయించుకుంటున్నాను. బీపీ మాత్ర వేసుకుని, మా ఆవిడ పెట్టిన నాలుగు గుంత పొంగనాలు చెనిక్కాయల చట్నీతో తిని, కిట్ బ్యాగు స్కూటర్ ముందు పెట్టుకుని ఆరు గంటలకల్లా బయలుదేరాను. "మోకాలు చూసుకోండి" అంది గేటు దగ్గర. ఆడొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్క విషయానికి ఆమెకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఇక్కడైనా రాసుకోవాలి.

గ్రౌండ్‌కు వెళ్లేసరికి పిల్లలు కొబ్బరి పీచు మ్యాట్ పరుస్తున్నారు. నలుగురు పట్టి లాగితే, ఇద్దరు మేకులు కొట్టారు. మడత ఎక్కడా లేకుండా నేను ఒకసారి మ్యాట్ మీద నడిచి చూశాను. మంచి లెంగ్త్ పడే చోట చిన్న మడత ఉన్నా బంతి ఎటు లేస్తుందో చెప్పలేం.

టాస్ ఓడాం. అయినా వాళ్లే బ్యాటింగ్ తీసుకున్నారు, మనసులో సంతోషించాను. నాది ఫస్ట్ స్లిప్, కీపర్ పక్క చోటు. నాలుగో ఓవర్లో వాళ్ల ఓపెనర్ బ్యాటు అంచుకు తగిలి బంతి నా కుడి మోకాలి పక్కకు, కిందుగా వచ్చింది. చూశాను. చేతులు వెళ్లాయి. రెండు అరచేతుల మధ్య పడ్డాక జారిపోయింది. చూపు సరిగ్గానే ఉంది. దూరపు చూపుకు ఇప్పటికీ అద్దాలు లేవు, స్కోరు పుస్తకం చదవడానికే కావాలి. లోపం నడుములో ఉంది. ఒక జానెడు ముందే వంగి ఉండాల్సింది. అప్పటికి ఆరు పరుగుల మీదున్న ఆ అబ్బాయి నలభై ఒకటి కొట్టాడు. మిగిలిన ముప్పై అయిదూ నా లెక్కలోనే వేసుకున్నాను. ఓవర్ అయ్యాక మా కెప్టెన్ దగ్గరికి వెళ్లి, "నన్ను స్లిప్‌లోంచి తియ్యాలంటే తియ్యి, మొహమాటపడొద్దు" అన్నాను. "ఆడే ఉండన్నా, వచ్చేది పట్టుకుందువులే" అన్నాడు. ఇంకో క్యాచ్ రాలేదు. వాళ్లు 156 చేశారు.

పదహారో ఓవర్లో మా నాలుగో వికెట్ పడింది, 71కి. నేను ఆరో నంబరు. చెట్టు నీడలోంచి ఎండలోకి వెళ్లాక కళ్లు సర్దుకోవడానికి ఈ వయసులో కాస్త టైమ్ పడుతుంది. అందుకే ప్యాడ్స్ కట్టుకున్నప్పటి నుంచీ ఎండలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇది ఎవరూ నేర్పలేదు, రెండేళ్ల కిందట మొదటి బంతికే అవుటై నేర్చుకున్నాను.

మ్యాట్ మీద బూటుతో గీస్తే గీత పడదు కదా, జేబులో సుద్దముక్క పెట్టుకుంటాను. గార్డ్ అడిగి, అంటే స్టంప్స్‌కు ఎదురుగా బ్యాటు ఎక్కడ పెట్టాలో అంపైర్‌తో సరిచూసుకుని, సుద్దతో గీత గీసుకుని తల ఎత్తాను. బౌలింగ్ వేస్తున్నది పందొమ్మిదేళ్ల కుర్రాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడట. అప్పటికే మావాళ్లని ఇద్దరిని పడేశాడు. రన్నప్ గుర్తుకు ఒక రబ్బరు చెప్పు పెట్టుకున్నాడు, అక్కడి నుంచి పదిహేను అడుగులు. మిడాఫ్‌లో ఉన్న వాళ్ల కెప్టెన్ వాడికేసి తిరిగి, మెల్లగా అన్నా నాకు వినబడింది: "సార్ పెద్దాయనరా. చూసుకోని వెయ్."

ఆ పిల్లవాడు చెప్పు దాకా వెళ్లలేదు. సగం దారి నుంచే వచ్చాడు. బంతి ఆఫ్ స్టంప్ బయట, నిండుగా, కొట్టమని వడ్డించినట్టు పడింది. కవర్స్‌లోంచి ఫోర్ వెళ్లింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు, వాళ్లలో కూడా ఇద్దరు కొట్టారు. నాకు లోపల ఏమీ కదల్లేదు. రెండో బంతీ అంతే. దాన్ని కొట్టబుద్ధి కాక ఊరికే ఆపాను.

వాడి మీద కోపం రాలేదు. పెంపకం మంచిది, ఇంట్లో తాతతో ఎలా ఉంటాడో ఇక్కడా అలాగే ఉన్నాడు. అయినా నేను వారమంతా బ్యాంకులో కూర్చుని, వారంలో మూడు పొద్దులు నెట్స్‌కు వెళ్లి, ఆదివారం కోసం ఎదురు చూసేది ఇందుకు కాదు. పెళ్లిలో, గుళ్లో, రోడ్డు మీద గౌరవం ఇస్తే తీసుకుంటాను. ఇరవై రెండు గజాల మధ్య మాత్రం నాకు కావాల్సింది వేరు.

పిచ్ మధ్యకు నడిచి వాణ్ణి పిలిచాను.

"నాయనా, మావాళ్లకి వేసినట్టే నాకూ వెయ్యి."

"దెబ్బ తగులుతుంది సార్."

"తగిలితే నేను చూసుకుంటా. పూర్తి పేస్‌తో వెయ్యి నాయనా."

వాడు కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ సరేనన్నట్టు తలూపాడు. ఈసారి చెప్పు దాకా నడుచుకుంటూ వెళ్లాడు.

ఆ కొద్ది క్షణాల్లో నాకు మా నాన్న గుర్తొచ్చాడు. 1983 జూన్ 25 రాత్రి, లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్లో మనవాళ్లు 183కే అవుటై, వెస్టిండీస్‌ను 140కి పడేసిన రాత్రి, బాలాజీ కాలనీలో రేడియో చుట్టూ పదిహేను మందిమి కూర్చున్నాం. నాకప్పుడు పద్నాలుగేళ్లు. అందరూ కపిల్ దేవ్ పేరు చెబుతుంటే మా నాన్న, "ఇదే తారీఖురా, ఇదే గ్రౌండు. 1932 జూన్ 25న మన మొదటి టెస్టు అక్కడే మొదలైంది. కెప్టెన్ సీకే నాయుడు, నాగపూర్‌లో పుట్టినా తెలుగింటి బిడ్డే" అన్నాడు. ఆ తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పాడు. 1952లో బొంబాయి మీద రంజీ ఫైనల్. హోల్కర్ జట్టు తరఫున నాయుడుగారు బ్యాటింగ్‌కు దిగారు, వయసు యాభై ఆరు. దత్తూ ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్లు ఊడాయి. గ్రౌండ్ వదల్లేదు. ఫడ్కర్ జంకి మెల్లగా వేస్తే, వేగంగా వెయ్యమని ఆయనే చెప్పారని చెప్పుకుంటారు. అప్పట్లో నేను అది ధైర్యం కథ అనుకున్నాను. పళ్లూ నెత్తురే గుర్తుండిపోయాయి. ఈరోజు చెప్పు దగ్గర వెనక్కి తిరిగిన ఆ కుర్రాణ్ణి చూస్తుంటే, ఆ కథలో అసలు విషయం పళ్లు కాదనీ ఆ మెల్లగా వచ్చిన బంతేననీ తోచింది. ఆయన ఓర్చుకోలేకపోయింది దాన్నే. నాయుడుగారి ఆటలో ఇసుక రేణువంత కూడా నాది కాదు, ఆయన అరవై దాటాక కూడా రంజీ ఆడారు. కానీ ఆ బాధ ఏమిటో నాకు తెలిసింది.

బంతి వచ్చింది. నూట ఇరవై కిలోమీటర్ల వేగమైతే చేయి వదిలిన బంతి మన దగ్గరికి చేరడానికి అర సెకను కాస్త దాటుతుంది. ఈ బంతి వేగం అంతకు కొంచెం తక్కువే ఉంటుంది. షార్ట్ లెంగ్త్‌లో పడి లోపలికి దూసుకొచ్చింది. బ్యాటు అడ్డం పెట్టేలోపు ఎడమ తొడకు, సరిగ్గా తొడ ప్యాడ్ అంచు పక్కన తగిలింది. ఆ చప్పుడు చెట్టు కింద కూర్చున్న వాళ్లకు కూడా వినబడిందట. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లవాడు "సార్" అంటూ రెండడుగులు ముందుకు వేశాడు. చెయ్యి చూపించి ఆపాను. "బాగుంది. పద."

తర్వాతి బంతి ఆఫ్ స్టంప్ బయట, బ్యాటు చాచితే అందేంత దూరంలో. వదిలేశాను. అయిదోదీ వదిలేశాను. ఆరోది కాస్త షార్ట్. దాని వేగాన్నే వాడుకుని, బ్యాటు మొహం తెరిచి, కీపర్‌కూ స్లిప్‌కూ మధ్య నుంచి థర్డ్ మ్యాన్ వైపు జారవిడిచాను. రెండు పరుగులు. మొదటి ఫోర్ ఇవ్వనిది ఈ రెండూ ఇచ్చాయి. రెండో పరుగుకు తిరిగేటప్పుడు తొడ మండిపోతోంది, ఒళ్లంతా ఇరవై ఏళ్ల వాడిలా ఉంది.

1989లో జిల్లా ఎంపికల్లో ఆఖరి వడపోత దాకా వెళ్లి ఆగిపోయాను. ఆ తర్వాత బ్యాంకు పరీక్ష, ఉద్యోగం, మదనపల్లె, కడప, పలమనేరు, పెళ్లి, పిల్లలు. ఇరవై తొమ్మిది నుంచి నలభై మూడు వరకు బ్యాటు ముట్టుకోలేదు. మా అబ్బాయిని కోచింగ్‌లో చేర్చి నెట్ బయట నిలబడి చూస్తూ చూస్తూ, ఒకరోజు ప్యాడ్స్ అడిగాను. వాడు రెండేళ్లకు మానేశాడు. నేను మానలేదు. యాభై దాటిన వాళ్లకు వేరే టోర్నమెంట్లు వస్తున్నాయి, 2018లో సిడ్నీలో వాళ్ల ప్రపంచ కప్పే జరిగింది. చాలా మంచి పని. వీలైతే అలాంటిదీ ఆడతాను. కానీ పందొమ్మిదేళ్ల వాడు తన ఆటంతా నా మీద ప్రయోగిస్తే ఎంత నిలబడగలనో తెలుసుకోవడం నాకు ఇక్కడే కుదురుతుంది.

ఇరవై నాలుగో ఓవర్లో తొడ వెనక నరం పట్టేసింది. దెబ్బ తగిలిన కాలు కాదు, రెండోది. అంపైర్ దగ్గరికి వెళ్లి, నా బదులు పరుగెత్తడానికి రన్నర్ అడిగాను. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 2011 నుంచి రన్నర్ లేడు కానీ, మాలాంటి వాళ్లు ఆడే ఆటలో నిబంధన అలాగే ఉంది: మ్యాచ్ జరుగుతుండగా గాయపడితే తీసుకోవచ్చు. అడగడానికి నేను సంకోచించలేదు. నిబంధన ఇచ్చేది ఇరవై ఏళ్ల వాడికీ ఇస్తుంది. మెల్లగా వచ్చే బంతి మాత్రం నా తెల్ల జుట్టు చూసి వస్తుంది. రెండూ ఒకటి కావు. మావాడొకడు ప్యాడ్స్ కట్టుకుని స్క్వేర్ లెగ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. కొట్టిన ప్రతిసారీ అలవాటుగా నా కాళ్లే ముందు కదిలేవి, వాడు "అన్నా, నువ్వు నిలబడు!" అని అరిచేవాడు.

ఆ పిల్లవాడే మళ్లీ వచ్చి నన్ను పడేశాడు. యార్కర్, నేరుగా కాళ్ల దగ్గర పడే బంతి. బ్యాటు దిగేలోపు కిందనుంచి దూరి మధ్య స్టంపు పీకేసింది. వాడు చేతులు రెండూ పైకెత్తి, కవర్స్ దాకా పరుగెత్తుతూ గెంతాడు. వాళ్లంతా వచ్చి వాడి మీద పడ్డారు. ఆ గెంతులు చూస్తూ బ్యాటు చంకలో పెట్టుకుని నడిచాను. పెద్దాయన వికెట్ అయితే అంత గెంతరు.

మేం నాలుగు పరుగుల తేడాతో ఓడాం. నా చేతుల్లోంచి జారిన ఆ క్యాచ్ పట్టి ఉంటే గెలిచేవాళ్లం, అందులో అనుమానం లేదు. స్కోరు పుస్తకంలో అద్దాలు పెట్టుకుని చూసుకున్నాను: ముప్పై ఒక్క బంతులు, ఇరవై మూడు. పులిహోర పొట్లాలు తింటుంటే ఆ కుర్రాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. గెంతినందుకు సారీ చెప్పబోతుంటే ఆపాను. కాసేపయ్యాక, "సార్, ఆ రెండు బాల్సూ ఎట్ల వదిలేసినారు? మావోళ్లందరూ వాటికే ఎడ్జ్ ఇస్తారు" అన్నాడు. నా తల ఆఫ్ స్టంప్ మీద ఉండేలా నిలబడతాననీ, నా కళ్ల గీతకు బయట పోయేది స్టంప్స్‌కు తగలదనీ, సుద్ద గీత గీసుకునేది అందుకేననీ పులిహోర పొట్లం కాగితం మీదే గీసి చూపించాను. వాడు ఆ కాగితాన్ని నూనె తుడిచి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అయితే ఈసారి నాకు బంతిని అదే గీత లోపలికి తెస్తాడు. అదీ చూడాలి.

ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే తొడ చూసుకున్నాను. అరచేయంత కమిలింది. మధ్యలో బంతి కుట్టు అచ్చు, వరసగా చిన్న చిన్న గీతలు, దారం దారం లెక్కపెట్టొచ్చు. ఐస్ పెట్టుకుని పడుకున్నాను. సాయంత్రం అమ్మ చూసింది. ఎనభై మూడేళ్లు, ఐస్ సంగతి ఆమెకు పట్టదు. రాళ్ల ఉప్పు వేడిచేసి పాత ధోవతి గుడ్డలో మూటకట్టి తెచ్చింది. ఈరోజు కాపడం వద్దమ్మా, వాపు తగ్గాక పెడుదువు అంటే వినలేదు. దూరంగా, తగలనట్టు పెట్టింది.

"ఎవురు కొట్నారు నాయనా?"

"ఒక పిల్లోడు. పందొమ్మిదేండ్లు."

"పిల్లోడే? ఇంత గెట్టిగానా? పెద్దోడివని చూడనే లేదా?"

"చూసినాడుమా. మెల్లగానే వేసినాడు ముందు. నేనే అడిగి గెట్టిగా వేయించుకున్నా."

అమ్మ మూట తీసి, కమిలిన చోట చూపుడు వేలితో కుట్టు గీతలను ఒక్కోటీ తడిమింది. మళ్లీ మూట పెట్టింది.

"మీ నాయన ఉంటే అడిగుండు, ఎన్ని కొట్టినావని."

"ఇరవై మూడు" అన్నాను.