డిస్క్ సగం ఖాళీ, అయినా ఫైలు పట్టలేదు

రాత్రి పదకొండింటికి మిర్యాలగూడ నుంచి ఫోన్. నేను సర్వర్ చూసుకునే రైస్ మిల్లు. "అన్నా, కాంటా చీటీ వస్తలేదు. గేటు బయట వడ్ల లారీలు లైన్ కట్టినయ్" అన్నాడు గుమాస్తా. నల్గొండలో ఇంట్లోనే ల్యాప్‌టాప్ తెరిచి లాగ్ చూస్తే ఒకటే మాట: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. అంటే డిస్క్‌లో జాగా లేదని.

జాగా లెక్క చూపే డీఎఫ్ కమాండ్ కొడితే 20 జీబీ డిస్క్‌లో సగం ఖాళీగానే ఉంది! రీబూట్ చేశాను, మార్పు లేదు. టెన్షన్ పెరిగింది. అరగంట పోయాక ఐనోడ్ల లెక్క చూపే డీఎఫ్ మైనస్ ఐ గుర్తొచ్చింది. కొట్టి చూస్తే ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే గళ్లు, 100 శాతం నిండిపోయాయి.

ఫైలు ఎంత చిన్నదైనా దానికో ఐనోడ్ కావాలి. డిస్క్‌లో ఫైళ్లను సర్దే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఐనోడ్ల లెక్క ఫార్మాట్ చేసేటప్పుడే ఖాయం, మామూలుగా 16 కేబీకి ఒకటి. అంటే ఈ డిస్క్‌కు 13 లక్షల చిల్లర. గోదాంలో జాగా ఉన్నా, బస్తాలు రాసుకునే పుస్తకంలో పేజీలు అయిపోయినట్టు. పీహెచ్‌పీ (వెబ్ ప్రోగ్రామింగ్ భాష) సెషన్ ఫైళ్లు, అంటే వాడేవాళ్ల లాగిన్ వివరాలు తాత్కాలికంగా దాచేవి, వేరే ఫోల్డర్‌లో పడేలా ఎప్పుడో మార్చారు. అక్కడ పాతవి తీసే ఏర్పాటే లేదు, పేరుకుపోయాయి.

అన్నీ ఒకేసారి తీసేద్దామని ఆర్‌ఎం స్టార్ కొడితే ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్ అంది, ఫైళ్ల పేర్ల జాబితా మరీ పొడవైందని. ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌కు డిలీట్ జతచేసి, రెండు రోజులు దాటినవి మాత్రమే తీయించాను. అదే కమాండ్ రోజూ తెల్లవారుజామున నడిచేలా టైముకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను.

గుమాస్తా ఫోన్‌ని ప్రింటర్ దగ్గర పెట్టాడు. మొదటి చీటీ గరగరమని బయటికొస్తున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. "వచ్చిందన్నా, వచ్చింది!"