అమూ మాస్టారి ఊళ్ళ మీదుగా

ఘానాలో సంగీతం మాస్టారు ఎఫ్రాయిం అమూ పేరెత్తితే ముందు పాట వస్తుంది, తర్వాతే మాట. అక్రా ఎయిర్‌పోర్ట్ నుంచి నన్ను తీసుకెళ్ళిన టాక్సీ డ్రైవర్, నేను ఎవరి కోసం వచ్చానో చెప్పగానే ‘యెన్ ఆరా అసాసె ని’ అందుకున్నాడు. ఈ నేల మనదే అని మొదలయ్యే ఆ పాటని అమూ మాస్టారు 1929లో కట్టారు. అధికారిక జాతీయ గీతం వేరే ఉంది, దానికి బాణీ కట్టింది ఫిలిప్ గ్బెహో. అయినా జనం రెండో జాతీయ గీతంలా చూసుకునేది దీన్నే. పాత ఇరవై వేల సెడీల నోటు మీద మాస్టారి బొమ్మ ఉండేదని కూడా ఆ డ్రైవరే చెప్పాడు. 2007లో కరెన్సీలో నాలుగు సున్నాలు తీసేశారు, దాంతో ఆ నోటు పోయింది. సంగీతం పంతులు బొమ్మని నోటు మీద వేసుకున్న దేశం అది. అక్కడికి రావడం మంచి పనే అనిపించింది.

ముందు అచిమోటా స్కూలు చూశాను. 1927లో మొదలైన పెద్ద బడి అది. స్కూలు చిహ్నంలో పియానో మెట్లు ఉంటాయి. నల్ల మెట్లతోనే ఏదో ఒక పాట వాయించొచ్చు, తెల్ల మెట్లతోనూ వాయించొచ్చు, కానీ నిండైన సంగీతానికి రెండూ కావాలని ఈ బడి స్థాపకుల్లో ఒకరైన డాక్టర్ ఆగ్రే చెప్పిన మాట దాని వెనక ఉంది. అమూ మాస్టారు 1934లో ఇక్కడ చేరారు. ఇక్కడ పనిచేస్తూనే 1937లో లండన్ వెళ్ళి రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకుని వచ్చారు. అయితే ఇక్కడికి రాకముందే ఆయన్ని ఒక ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కథ జరిగిన చోటు చూడాలంటే కొండెక్కాలి.

అక్రా శివారు మదీనా స్టేషన్‌లో ట్రోట్రో ఎక్కాను. ట్రోట్రో అంటే మన షేర్ ఆటోకి, మినీ బస్సుకి మధ్య రకం బండి. సీట్లన్నీ నిండితేనే కదులుతుంది. ఈలోపు కిటికీ దగ్గరికి అరటికాయ చిప్స్, నీళ్ళ ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి. అబూరి చేరేసరికి గాలి చల్లబడింది. మాంపాంగ్‌లో టెట్టే క్వార్షీ 1879లో వేసిన కోకో తోట ఉంది. దిగి చూడాలనిపించినా ఆగలేదు. ఆ కొండ మీదే ఇంకాస్త ముందుకెళ్తే అక్రోపాంగ్.

అక్రోపాంగ్‌ని ఇవాళ్టి ఊరుగా తీర్చిదిద్దింది స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ. మన ఇళ్ళ కప్పుల మీదికి మంగళూరు పెంకులు తెచ్చింది కూడా ఈ మిషనే. వాళ్ళు 1848లో ఇక్కడ టీచర్ ట్రైనింగ్ కాలేజీ పెట్టారు. వాళ్ళలో క్రిస్టాలర్ అనే పండితుడు అక్కడి ట్వీ భాషకి వ్యాకరణం రాశాడు, బైబిల్‌ని ట్వీలోకి తెచ్చాడు. ఒక భాషకి ఇంత చేసిన మిషన్, ఆ భాషలోని పాటకి మాత్రం చర్చిలో చోటు ఇవ్వలేదు. జర్మన్ బాణీల మీద ట్వీ మాటలు పేర్చి పాడించింది.

అందులో కష్టం ఎక్కడుందో కాలేజీలో ఒక సంగీతం టీచరు నాకు ఓపికగా పాడి చూపించారు. ట్వీలో గొంతు ఎక్కడ పైకి వెళ్ళింది, ఎక్కడ కిందికి దిగింది అన్నదాన్ని బట్టి మాట అర్థం మారిపోతుంది. పైకి పలకాల్సిన అక్షరాన్ని బాణీ కిందికి లాగితే అది వేరే మాట అయిపోతుంది, లేదా ఏ మాటా కాకుండా పోతుంది. గురువు మీద తేలిపోయి లఘువు మీద సాగదీసే పాట వింటే మనకి చెవి చివుక్కుమంటుంది కదా, వాళ్ళకి అంతకంటే పెద్ద ఇబ్బంది. 1926లో ఇక్కడికి టీచరుగా వచ్చిన అమూ మాస్టారు ఈ పద్ధతిని తిరగేశారు. ముందు మాటని మామూలుగా పలికి, దాని ఎత్తుపల్లాలు ఎటు వెళ్తే స్వరాన్ని అటు నడిపారు. తాళం కూడా ఊళ్ళో డప్పుల నుంచే తీసుకున్నారు. నాలుగు రకాల గొంతులు ఒకేసారి నాలుగు వరుసలు పాడే పద్ధతిని మాత్రం వదల్లేదు. పడమటి నుంచి వచ్చిన దాంట్లో పనికొచ్చేది ఉంచుకోవడం ఆయన పద్ధతి. మరో విశేషం, ఆయన మాతృభాష ట్వీ కాదు, ఎవే. పరాయి భాషని అంత శ్రద్ధగా విన్నాడంటే ఆ చెవికి దండం పెట్టాలి.

ఆయన సూటు వదిలేసి, అక్కడి చేనేత బట్టలే కట్టుకునేవారు. అదే కాలంలో మన ఊళ్ళలోనూ ఖద్దరు కట్టినవాళ్ళని అనుమానంగా చూసేవాళ్ళు ఉన్నారు. అమూ మాస్టారు ఆ బట్టతోనే చర్చిలో ఆరాధన నడిపించారు, విద్యార్థులతో డప్పులు వాయించారు. చర్చి పెద్దలకి అది నచ్చలేదు. 1933లో ఉద్యోగం పోయింది. క్షమాపణ చెప్పి మళ్ళీ సూటు తొడుక్కుని ఉంటే జీతం ఆగేది కాదు. ఆయన ఆ పని చెయ్యలేదు.

ఆదివారం అక్రోపాంగ్ చర్చిలో ఆరాధనకి వెళ్ళాను. మగవాళ్ళు చాలామంది పెద్ద గుడ్డని ఎడమ భుజం మీదుగా కప్పుకుని, కుడి భుజం వదిలేసి కూర్చున్నారు. కానుకల సమయానికి డప్పులు మొదలయ్యాయి. ముసలమ్మలు తెల్ల రుమాళ్ళు ఊపుకుంటూ, అడుగులు వేసుకుంటూ పెట్టె దాకా వెళ్ళారు. దేనికోసమైతే ఆయన్ని వెళ్ళగొట్టారో అదంతా ఇప్పుడు అక్కడ మామూలు సంగతి. నాకు కళ్ళు చెమర్చాయి. నేను పెరిగింది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల మధ్య. మా పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే మన రాగాల్లో కీర్తనలు రాసి ఆ దారి వేశారు కాబట్టి, దానికోసం మేమెవరం పోట్లాడాల్సిన పని లేకపోయింది. అలాంటి పాటకి ఒక మనిషి ఉద్యోగం పోగొట్టుకోవాల్సి వస్తుందని అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు.

అక్కడి నుంచి కొండ దిగి సొమాన్యా మీదుగా అతింపోకు చేరాను. వోల్టా నది మీద 1957లో కట్టిన అడోమి వంతెన దగ్గర బండి ఆగగానే ఆడవాళ్ళు తలమీద గంపలతో చుట్టుముడతారు. ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న అబోలో, దాంతో పాటు వేయించిన బుల్లి చేపలు. ఆ చేపల్ని అక్కడ ‘వన్ మ్యాన్ థౌజండ్’ అంటారు. కరకరలాడుతూ బాగున్నాయి.

నది దాటాక ఎవే మాట్లాడే ప్రాంతం. అసికుమా దగ్గర ఎడమకి తిరిగితే పెకీ. అమూ మాస్టారు 1899 సెప్టెంబరు 13న పెకీ-అవెటిలేలో పుట్టారు. తండ్రి కొయ్య చెక్కడంలో పేరున్నవాడు. ట్రైనింగ్ పూర్తయ్యాక 1920లో ఈ ఊళ్ళోనే బడిలో చేరారు. వచ్చేటప్పుడు కోఫోరిదువాలో మడత ఆర్గన్ ఒకటి కొని, తల మీద పెట్టుకుని రాత్రంతా నడిచారని పెకీ పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నేను ఆ దారిలో కొంత దూరం బండిలో వెళ్ళాను. ఆ ఎత్తుపల్లాలు చూశాక ఆయనకి పాఠం చెప్పడం మీద ఎంత ఆత్రమో అర్థమైంది.

తర్వాతి రోజుల్లో కుమాసిలో, ఘానా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1965లో ఆ యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఎక్కడికెళ్ళినా అటెంటెబెన్ అనే వెదురు పిల్లనగ్రోవిని తరగతిలోకి తెచ్చారు. చేతిలో ఖరీదైన వాయిద్యం లేని పిల్లవాడికి సంగీతం అందదన్న మాట ఆయన ఒప్పుకోలేదు. ఆయన పాటల్లో నాకు బాగా ఇష్టమైనది ‘బొన్‌విరె కెంటె’. బొన్‌విరె అనే ఊళ్ళో కెంటె బట్ట నేసే మగ్గం చప్పుడుని గొంతులతోనే పలికిస్తారు. మంగళగిరి వీధుల్లో నడిచినవాళ్ళెవరైనా అది వినగానే గుర్తుపడతారు. ఆయన 1995 జనవరి 2న, తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశారు.

పెకీలో సాయంత్రం కోయిర్ ప్రాక్టీసుకి రమ్మన్నారు. వాళ్ళ కాయితాల మీద అయిదు గీతల నోటేషన్ లేదు. డో, రే, మీలకి ఒక్కో అక్షరం చొప్పున రాసుకున్న టానిక్ సోల్ఫా ఉంది. అక్కడి చర్చి కోయిర్లలో పాట నేర్చుకునేది ఎక్కువగా ఇలాగే. మీ ఊరి పాట ఒకటి పాడమంటే మోహన రాగంలో ఒక కీర్తన పాడాను. కోయిర్ మాస్టర్ కళ్ళు మూసుకుని విన్నాడు. ఇందులో అయిదు స్వరాలే ఉన్నాయి కదా అని పట్టేశాడు. స, రి, గ, ప, దలని డో, రే, మీ, సో, లాగా బోర్డు మీద రాశాను. కింద తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. తాళం ఎత్తుగడ దగ్గర ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు పాడేవాళ్ళు, తడబడితే చేత్తో వేసి చూపించాను. కాసేపటికి బేస్ పాడేవాళ్ళు తమంతట తామే కింద ఇంకో వరుస కట్టేశారు. అది మోహనని చెడగొడుతుందేమోనని నాకు కాస్త టెన్షన్‌గా ఉండింది, కానీ చెడలేదు. పల్లవి అయ్యేసరికి చీకటి పడింది. చరణాలన్నీ కూడా రాసిచ్చి వెళ్ళమని కోయిర్ మాస్టర్ నా చేతికి ఇంకో చాక్‌పీస్ ఇచ్చాడు.