మా పాప చదవబోయేది డేటా సైన్స్ కాదు

"అవ్వకి డేటా సైన్స్ అని ఎందుకు చెప్పావమ్మా? రగ్బీ అని చెప్పొచ్చు కదా. నీకు సిగ్గా?"

అనంతపురానికి వీడియో కాల్ అయిపోయాక మా పాప అడిగింది ఇది. తెలుగులోనే అడిగింది, అదొక ఇబ్బంది. ఇంగ్లిష్‌లో అడిగుంటే ఇంగ్లిష్‌లోనే ఏదో ఒకటి అనేసి తప్పించుకునేదాన్ని. సిగ్గేం కాదు, అవ్వకి అర్థం కాదని అలా చెప్పానన్నాను. అదీ నిజం కాదు. మా అమ్మకి డేటా సైన్స్ అంటే మాత్రం ఏం తెలుసు? "ఏం చదువుతాందే పాప?" అని అడుగుతుంది, పక్కింటావిడ మనవడు చదివి బెంగళూరులో ఉద్యోగం తెచ్చుకున్న చదువు పేరు వినబడితే చాలు, ఆమెకి నిద్ర పడుతుంది. నాకూ పడుతుంది. పాప చదవబోయేదేమో స్పోర్ట్ పర్ఫార్మెన్స్ అనాలిసిస్, అంటే మ్యాచుల వీడియోలు చూసి ఆటని లెక్కల్లో పెట్టే చదువు.

పాపకి ఇప్పుడు పదిహేడేళ్లు. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పెరిగిన పిల్ల రగ్బీ జోలికి పోకుండా ఉండాలనుకోవడం నా అత్యాశే, 74,000 మంది పట్టే రగ్బీ స్టేడియం ఊరి నడిబొడ్డున పెట్టుకుని. చిన్నప్పుడు ఆడింది కూడా. నేను గ్రౌండ్ పక్కన నిలబడేదాన్నే గానీ మ్యాచ్ చూసింది తక్కువ, కళ్లు మూసుకున్నది ఎక్కువ. మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్‌కి వచ్చాక ఆట మానేస్తే హమ్మయ్య అనుకున్నాను. ఖాళీగా ఉన్న పిల్లని కోచ్ మ్యాచ్ వీడియో తియ్యమన్నాడు, తర్వాత ఆ వీడియోని ముక్కలు చేసి లెక్కలు తియ్యమన్నాడు. ఆడినన్నాళ్లూ లేని పిచ్చి అప్పుడు పట్టుకుంది.

ఆదివారం పొద్దున చూడాలి మా డైనింగ్ టేబుల్. ల్యాప్‌టాప్, పక్కన ఉగ్గాని ప్లేటు. ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి ప్లేటులో. బంతి ఉన్నవాళ్లని పట్టి పడేసే టాకిల్‌కి ఒక కీ, గీత దాటిన బంతిని లోపలికి విసిరే లైనౌట్‌కి ఒకటి, రెండు జట్లూ తలలు కలిపి తోసుకునే స్క్రమ్‌కి ఒకటి, పెనాల్టీకి ఒకటి. 80 నిమిషాల ఆటకి ఒక పూటంతా పోతుంది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి ఒకే ముక్కని వెనక్కీ ముందుకీ తిప్పి చూపించింది. బంతి పట్టుకున్న అమ్మాయిని పడేశారు, రెండు జట్ల వాళ్లూ ఆ బంతి మీదికి వచ్చి తోసుకుంటున్నారు. దాన్ని రక్ అంటారు. అందులోంచి బంతి ఎన్ని సెకన్లలో బయటికొచ్చిందన్నదే లెక్క. మూడు సెకన్లలోపు వస్తే ఎదుటి జట్టు సర్దుకుని వరుసలో నిలబడేలోపే మళ్లీ దాడికి దిగొచ్చు, దాటితే వాళ్లు గోడలా నిలబడిపోయి ఉంటారు. "బంతి లేటైతే అందరూ అక్కడ బంతి అందుకుని పాస్ చేసే తొమ్మిదో నంబర్ అమ్మాయిని తిడతారు. చూడు, ఆ అమ్మాయి ఎప్పుడో వచ్చేసింది. సపోర్ట్‌కి రావాల్సినవాళ్లే రాలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు" అంది. నేను ఏళ్ల తరబడి ఆఫీసులో ఎక్సెల్ షీట్లతోనే బతుకుతున్నాను, ఒక్క అంకె గురించి కూడా అంత పట్టుదలగా మాట్లాడిన గుర్తు లేదు.

అయినా నేను ఊరుకుంటానా. రగ్బీ గురించి చదవడం మొదలుపెట్టాను, పాపతో వాదించడానికి. బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకి ఆనిస్తే వచ్చే ట్రైకి ఐదు పాయింట్లని నాకు తెలియకముందే ఏ క్లబ్బు ఎప్పుడు మునిగిందో కంఠతా వచ్చేసింది. ఇంగ్లండ్ క్లబ్బుల్లో వూస్టర్, వాస్ప్స్ 2022లో దివాలా తీశాయి, లండన్ ఐరిష్ 2023లో. ఇక్కడ వేల్స్‌లో ఉన్న నాలుగు ప్రొఫెషనల్ జట్లని మూడు చేస్తామని వేల్స్ రగ్బీ యూనియనే 2025లో చెప్పింది. ఇదంతా వరసగా అప్పజెప్పి, వేల్స్ జట్టు వరుసగా 18 టెస్టులు, అంటే వేరే దేశాలతో ఆడే మ్యాచులు, ఓడి, 2025 జూలైలో జపాన్ మీద గాని గెలవలేదనీ గుర్తుచేశాను. "లెక్కలు తీసేవాళ్లు అంతమంది ఉండి ఏం లాభం?" అన్నాను. దెబ్బ గట్టిగా తగిలిందనే అనుకున్నా.

"డాక్టర్లున్నా జనం చస్తూనే ఉన్నారు కదమ్మా, మరి నన్ను మెడిసిన్ ఎందుకు చదవమన్నావ్?" అంది.

నిజానికి పాపకి ఎనలిస్టుగానే ఉండిపోవాలని లేదు. ఎప్పటికైనా యూనియన్ ఆఫీసుకి, రూల్స్ రాసే చోటికి వెళ్లాలని ఉంది. ఇంగ్లండ్‌లో 2023 నుంచి కింది స్థాయి ఆటల్లో టాకిల్ రొమ్ము ఎముక కింది కొస కంటే పైకి పోకూడదు. 2024 నుంచి పెద్ద స్థాయి మ్యాచుల్లో సెన్సర్ ఉన్న మౌత్‌గార్డ్ పెట్టుకుంటున్నారు, తలకి తగిలిన అదురు ఒక హద్దు దాటితే గ్రౌండ్ పక్కనున్న డాక్టరుకి అలర్ట్ పోతుంది, ఆడేవాళ్లని బయటికి పిలిచి పరీక్ష చేస్తారు. ఇలాంటివన్నీ ఎవరో కూర్చుని దెబ్బలు లెక్కపెడితే వచ్చినవే అంటుంది. "నువ్వు కళ్లు మూసుకున్నప్పుడు ఏం జరిగిందో చూసే ఉద్యోగమమ్మా ఇది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. జీతం ఎంతన్నాను. ఈ లైన్లో మొదట్లో చాలామంది ఊరికే చేస్తారు, లేదంటే బస్సు ఖర్చులకి చాలేంత ఇస్తారు. అది పాప కూడా కాదనలేదు.

ఇంకో సంగతి. మా తమ్ముడి కూతురు అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండ్‌లో హాకీ ఆడుతుంది. వాడు ఫోటో పంపిస్తే ముందు స్టేటస్ పెట్టేది నేనే, "ఆడపిల్లలు ఆడాల్రా" అని వాడికి క్లాసు పీకేదీ నేనే. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు అక్కడే జరిగితే ఆఫీసులో పిలిచి పిలిచి చూపించాను, ఇదే మా ఊరని. మా ఊరికి ఆటొస్తే గర్వం, మా ఇంట్లోకొస్తే ఏడుపు.

చివరికి తమ్ముడికి నిజం చెప్పాను. "రగ్బీ అంటే ఏందక్కా, కబడ్డీ మాదిరా?" అన్నాడు. వాడికి కాస్త గొప్పగా వినబడాలని కలకత్తా కప్పు కథ ఎత్తుకున్నాను. ఇంగ్లండ్, స్కాట్లండ్ రగ్బీలో ఇప్పటికీ ఆడే ఆ కప్పు మన వెండి రూపాయలు కరిగించి చేసిందిరా, కలకత్తాలో ఇంగ్లిషువాళ్ల రగ్బీ క్లబ్బు ఒకటుండేది, అది మూతపడేటప్పుడు బ్యాంకులో మిగిలిన డబ్బుతో 1878లో చేయించి ఇచ్చారు, పిడులు పాములు, మూత మీద ఏనుగు అని చెప్పుకొచ్చాను. అంతా విని, "అంటే అది కూడా మూతపడిన క్లబ్బే కదక్కా?" అన్నాడు. నా తమ్ముడే మరి.

వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. అట్లాంటి ఊళ్లో పెరిగినదాన్ని. ఒకటో తారీఖున పడే జీతం కంటే గొప్పది నాకేదీ కనబడదు. ఈ భయం పాపకి అవసరమా? దాదాపు రోజూ వాన పడే ఊళ్లో పుట్టిన పిల్లకి కరువు భయం అంటించడమేంటని మా ఆయన నవ్వుతాడు. ఆయన కాంట్రాక్ట్ మధ్యలో పోయిన నెలల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. అందుకే నాది ఉత్త పాతకాలం భయమని ఒప్పుకోబుద్ధి కాదు. అట్లాగని అదే తెలివి అనీ చెప్పలేను.

మొన్న ఉగాది ఫంక్షన్‌లో ఒకావిడ కొడుకు డ్రామా చదువుతానంటున్నాడని కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్లల్ని వాళ్లకిష్టమైనది చదవనివ్వాలండీ, మనం అడ్డుపడకూడదు అని చాలాసేపు చెప్పాను. కార్లో ఇంటికొస్తూ మా ఆయనతో, "మ్యాథ్స్ బాగా వస్తుంది కదా, స్టాటిస్టిక్స్ అయినా చదవమని నువ్వు అడిగి చూడు, నేనడిగితే వినదు" అన్నాను. పాప వెనక సీట్లోనే ఉంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. పాటలు నడుస్తున్నాయో లేదో నాకు తెలియదు.

యూనివర్సిటీల అప్లికేషన్‌లో ఐదు కోర్సులు పెట్టుకోవచ్చు. ఈ సంవత్సరం ఫారం నింపేటప్పుడు నాలుగు స్పోర్ట్ పర్ఫార్మెన్స్ అనాలిసిస్, దానికి దగ్గరవీ పెట్టింది. ఐదోది స్టాటిస్టిక్స్. ఎవరూ అడగలేదు, మా ఆయన కూడా అడగలేదట. నాకోసమే పెట్టిందని తెలుస్తూనే ఉంది. అది తీసేసి నీకు కావాల్సింది పెట్టుకో అని చెప్పాలని రోజూ అనుకుంటున్నాను. గడువు జనవరిలో. ఇంకా చెప్పలేదు.