జబ్బు తగ్గాక మింగిన మాత్రలు

టీబీ అని తేలిన రోజు డాక్టరు గారు చాలాసేపు మాట్లాడారు. అందులో నా బుర్రకెక్కింది ఒక్క మాటే. "రెండు నెలలకల్లా మీకు పూర్తిగా నయమైపోయినట్టు ఉంటుంది. నా భయమంతా అప్పుడే" అన్నారు. వినడానికి వింతగా అనిపించింది. వారాల తరబడి వదలని దగ్గు, పొద్దు వాలేసరికి ఒళ్లు వెచ్చబడటం, తెల్లారేసరికి చెమటతో తడిసిన దిండు, వదులైపోయిన బట్టలు. ఇలాంటి మనిషికి రెండు నెలల్లో బాగైతే అంతకన్నా ఏం కావాలి?

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, ఆ తర్వాత తగ్గించి ఇంకో నాలుగు నెలలు. పొద్దున్నే పరగడుపున మింగాలి. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలి చచ్చేవాణ్ని. వికారంతో మధ్యాహ్నం దాకా ఏదీ సహించేది కాదు. మొదట్లో వేరే గదిలో, మాస్కు పెట్టుకుని, కిటికీలు బార్లా తెరుచుకుని ఉన్నాను. మందులు సరిగ్గా పనిచేస్తే మామూలుగా కొద్ది వారాల్లోనే జబ్బు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మనుషుల భయం అంత త్వరగా తగ్గదు.

మా చర్చి సంఘంలోవాళ్లు ఫోన్ చేసి ప్రార్థన చేసేవారు. ఒకరిద్దరు "విశ్వాసం ఉంటే ఈ మాత్రలెందుకు బ్రదర్?" అని కూడా అన్నారు. ప్రేమతోనే అన్నారు గానీ, ఆ ప్రేమ ప్రాణాల మీదికి తెస్తుంది. బైబిల్లో సువార్త రాసిన లూకాను అపొస్తలుడైన పౌలు "ప్రియమైన వైద్యుడు" అనే పిలిచాడు కదా. మా పాస్టరు గారైతే ఆమేన్ అన్న మరుక్షణమే "మాత్రలు వేసుకున్నారా?" అని అడిగేవారు.

మూడో నెలకి దగ్గు పోయింది, ఆకలి తిరిగొచ్చింది. డాక్టరు గారి భయమేంటో అప్పుడు అర్థమైంది. ఒంట్లో బాగున్నప్పుడు మాత్రలు చూస్తే విసుగు. ఎందుకు మానకూడదో ఆయనే వివరించారు. ఈ సూక్ష్మజీవి బద్ధకంగా పెరుగుతుంది; ఒకటి రెండు కావడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. మందు పడగానే చురుగ్గా పెరిగేవి ముందు చస్తాయి, మనకు హాయిగా అనిపించేది అందుకే. కదలక మెదలక పడి ఉన్నవి కొన్ని మిగులుతాయి. మధ్యలో మానేస్తే అవి లేస్తాయి, మందులకు లొంగని రకంగా మారినా మారొచ్చు. మిగతా నాలుగు నెలలూ వాటి కోసమే.

సరిగ్గా ఆ విసుగు రోజుల్లోనే ఆగమన కాలం, అంటే క్రిస్మస్ కోసం ఎదురుచూసే వారాలు, వచ్చింది. నవంబరు 30కి దగ్గర్లో ఉన్న ఆదివారంతో మొదలై, క్రిస్మస్‌లోపు నాలుగు ఆదివారాలు. ఏటా ఆ రోజుల్లో క్వయర్ (చర్చి పాటల బృందం) ప్రాక్టీసే నా లోకం. ఈసారి పాడేంత ఊపిరి లేదు, బెంచీ చివర కూర్చుని వినడమే.

ఒక ఆదివారం మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని ఉపమానం చదివారు, దివిటీలతో పెండ్లికుమారుడి కోసం ఎదురుచూసిన పదిమంది కన్యకల కథ. ఈ కథ అనగానే మెలకువగా ఉన్న ఐదుగురు, నిద్రపోయిన ఐదుగురు అన్నట్టు చెప్పేస్తుంటాం. వాక్యంలో అలా లేదు. "పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా వారందరు కునికి నిద్రించుచుండిరి" అని ఉంది. వారందరు! దివిటీలూ పదిమంది దగ్గరా ఉన్నాయి. తేడా అంతా ఐదుగురు మాత్రమే సిద్దెల్లో (పాత్రల్లో) విడిగా తెచ్చుకున్న నూనెలో ఉంది. పెండ్లికుమారుడు అనుకున్న వేళకే వచ్చేసి ఉంటే ఆ తేడా ఎవరికీ కనిపించేదే కాదు. ఆలస్యమే దాన్ని బయటపెట్టింది.

నా సంగతీ అంతే. క్వయర్‌లో ఏళ్లుగా నా పక్కనే నిలబడి పాడిన ఒకతను, నాకు టీబీ అని తెలిశాక ఒక్క ఫోన్ కూడా చేయలేదు. నేను గుడికి తిరిగొచ్చిన రోజు లేచి బెంచీ రెండో చివరకు జరిగాడు. "పోనీలే, క్షమించేశాను" అని మొదటి నెలలోనే ప్రార్థనలో చెప్పేసుకున్నాను. బాగానే ఉందనుకున్నాను. ఆ డిసెంబరులో నేను పాడాల్సిన చరణం అతను పాడుతూ శ్రుతి తప్పాడు. నాకు లోపల సన్నగా సంతోషం వేసింది. అంటే, లోపలి కోపం చావలేదు. పడుకుని ఉంది.

కఫం పరీక్షకి డబ్బా ఇచ్చినప్పుడు ల్యాబులో ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పింది: "ఉమ్మి పనికిరాదండీ, గట్టిగా ఊపిరి తీసుకుని రొమ్ము లోపల్నుంచి దగ్గి తీయాలి." 139వ కీర్తనలోని "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అన్న మాట ఎప్పట్నుంచో కంఠతా వచ్చు. దాన్ని ఆ పద్ధతిలో ప్రార్థించడం మొదలుపెట్టింది అప్పుడే. పైపైన వచ్చే మాటలు కాకుండా, నొప్పి పుట్టేదాకా.

రోజూ మాత్రలు మింగగానే అతని పేరు పెట్టి ప్రార్థన చేయాలని నిర్ణయించుకున్నాను. మొదట్లో మహా పొడిగా సాగింది. మనసు లేకుండా చేసేది ప్రార్థనేనా అనిపించేది. కానీ మాత్ర మింగడానికి మాత్రం మూడ్ కావాలా ఏంటి?

ఆగమన కాలపు కొవ్వొత్తుల చక్రం కథ నాకు ఇష్టం. 1839లో హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపే విఖెర్న్ అనే ఆయన, "క్రిస్మస్ ఎప్పుడు?" అని రోజూ అడిగే పిల్లల కోసం ఒక చక్రం మీద 20 చిన్న కొవ్వొత్తులు, 4 పెద్దవి పెట్టాడట. ఆదివారాలకు పెద్దవి, మామూలు రోజులకు చిన్నవి. ఇప్పుడు మనం ఆ నాలుగు పెద్దవే ఉంచుకున్నాం. సోమవారాలకీ మంగళవారాలకీ కొవ్వొత్తి లేదు. నాకైతే ఆ చిన్నవే కావలసి వచ్చాయి.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక నేనే అతని దగ్గరికెళ్లాను. "తగ్గిందా అన్నా?" అన్నాడు, చూపు తిప్పుకుంటూ. ఇంకో నెల మందులున్నాయన్నాను. కాసేపు ఆగి, ఇంట్లో చంటిపాప ఉందని, అంటుకుంటుందేమోనని భయపడ్డానని చెప్పాడు. చిన్నపిల్లలకు టీబీ నిజంగానే ప్రమాదం. ఆ మాట ముందే ఫోన్‌లో చెప్పి ఉండొచ్చని ఇప్పటికీ నా అభిప్రాయం.

జనవరి చివర్లో పరీక్ష నెగెటివ్ వచ్చింది, మందులు ఆపేశారు. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ అలాగే ఉంది. అది ఉండిపోతుందట, బెంగ అక్కర్లేదన్నారు. క్వయర్‌లో మళ్లీ నిలబడుతున్నాను, పెద్ద చరణమైతే సగం అతనికి వదిలేస్తాను. పొద్దున అతని పేరు ఎత్తడం మానలేదు. మొన్న ప్రాక్టీసులో పాపకి జ్వరమని చెప్పాడు, ఆ పాప పేరు కూడా చేర్చుకున్నాను.